చీమలు లేని ఇల్లు

ఆ చలికాలం చివర మా ఇంట్లో గొడవ చీమల దగ్గర మొదలైంది.

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, మా అత్తమ్మ అనంతమ్మ తన దిండు తెచ్చి వంటింటి గడప మీద పడేసింది.

"అరుణా, నా మెత్తల చీమలున్నయ్. రాత్రంత మొకం మీద పారినయ్."

నన్ను ఏమన్నా పడతాను గానీ ఇంటిని అంటే పడను. చక్కెర డబ్బా మూత కింద పాత చీర గుడ్డ వేసి బిగించేదాన్ని. నేల మీద మెతుకు పడితే అది ఎండేలోపు తీసేసేదాన్ని. పెళ్ళై పినపాక దారిలోని ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇక్కడ చీమలు బారు కట్టగా చూడలేదు.

"మనింట్లో చీమలెక్కడివి అత్తమ్మా?"

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"అబద్ధమని కాదు. ఒక్క చీమను చూపించండి."

"దొరికితే సూపియ్యనా? ముక్కు పక్కన్నే పారుతది. చెయ్యి పెట్టేసరికి ఉండది."

"కనపడని చీమ కోసం పొద్దున్నే నన్ను నిలబెట్టి అడిగితే ఎట్లా?"

"నిలవెట్టి అడుగుతున్ననంట! ఇన్నవా, నీ కోడలి మధిర మాటలు!" అని నా పుట్టింటి ఊరిని కూడా కలిపి, ఆమె వరండా వైపు తిరిగింది.

వరండాలో పేపరు చదువుతున్న మా మామయ్య సారంగపాణి తల ఎత్తకుండానే అన్నాడు. "బొగ్గుబాయిల నా టిఫిను డబ్బకు ఎలుకలు కాపలా కాసేటియి. ఎన్నడు భయపడలే. గీ ఇంట్లకు చీమ వచ్చిందంటే మాత్రం దాని ధైర్నానికి దండం పెట్టాలె."

"నువ్ నోరు మూసుకో," అంది అత్తమ్మ. నేను అనలేదు గానీ అనుకున్నాను.

దిండు గలీబు విప్పి ఎండలో దులిపాను. చీమ లేదు, చీమ కాలు కూడా లేదు. ఒక మూల కందిపప్పు బద్దంత రక్తపు మరక మాత్రం ఉంది. నల్లి కుట్టిందేమోనన్నాడు మామయ్య. మంచం కోళ్ళ చుట్టూ చీమల మందు సుద్దతో గీతలు గీశాను. గలీబు మరిగే నీళ్ళలో వేసి ఉతికాను. మర్నాడు ఉతికిన గలీబు మీద మళ్ళీ మరక.

అంతకుముందు వానాకాలం పోతూ పోతూ ఆమెకు ఎడమవైపు నుదుటి మీద, కంటి చుట్టూ, చెంప మీద, ముక్కు దాకా సర్పి లేచింది. మంటకు రాత్రుళ్ళు కూర్చునే ఉండేది. ఎవరో జాజు పూయమంటే పూశాం, ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వేశాం. పొక్కులు ఎండి, పెచ్చులు రాలి, తెల్లటి మచ్చలు మిగిలాయి. పోయిందనుకున్నాం. పోయిన సర్పినీ, లేని చీమలనూ కలిపి చూడాలని మా ఎవరికీ తట్టలేదు.

*

మా అత్తమ్మ గోళ్ళ గురించి చెప్పాలి.

భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి మా వైపు ఆడవాళ్ళు కొందరు గోటి తలంబ్రాలు పంపుతారు. రోట్లో దంచిన బియ్యం కాదు, మిల్లు బియ్యం అసలే కాదు. ఒక్కొక్క వడ్లగింజనూ ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టి, కుడి బొటనగోటితో పొట్టు చీల్చి, కొన విరగకుండా బియ్యపుగింజను బయటికి తియ్యాలి. కొన విరిగితే అది నూకల గిన్నెలోకి పోతుంది. శివరాత్రికి ముందే, వీళ్ళ గుంపుకు పెద్దయిన శ్యామలక్క ఇంట్లో వడ్లు పంచుకుంటారు. నవమి దాకా మధ్యాహ్నాలన్నీ అక్కడే, రామనామం చెప్పుకుంటూ, మధ్య మధ్య లోకాభిరామాయణం కూడా చెప్పుకుంటూ.

ఆ గుంపులో మా అత్తమ్మ గోరుకు పేరుంది. బొగ్గుబావిలో పైకప్పు కూలిన రోజు మామయ్య ప్రాణాలతో బయటికొచ్చిన ఏడాది మొక్కుకున్న మొక్కు అది. దసరా వెళ్ళగానే గోళ్ళు తీయడం మానేస్తుంది. కుడి బొటనగోరు పార మొనలా సాగుతుంది. దానికి పసుపు రాసుకుంటుంది, గిన్నెలు తోమనివ్వదు, కూర తరగనివ్వదు. "అది గోరు గాదు, దేవుని పనిముట్టు," అంటాడు మామయ్య. "పనిముట్టున్నోళ్ళకు పని సుత చెప్పొద్దంట."

ఆ ఏడాది వడ్లు పంచుకునే నాటికే ఆమె ముక్కు ఎడమ రెక్క పక్కన పుండు పడింది. మొదట గోధుమగింజంత. ముక్కుపుడక తగులుతోందని తీసేయించాం. తగ్గలేదు. రెక్క అంచును కొరికినట్టుగా వంపు తిరిగి లోపలికి తినుకుంటూ పోయింది. చీము లేదు, వాపు లేదు, నొప్పి అసలే లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

శివరాత్రి వెళ్ళాక ఒక సాయంత్రం చాయ్ తాగుతూ పొలమారింది ఆమెకు. వేడి చాయ్ ఎడమ చెంప మీద చిందింది. ఆమె కదల్లేదు. గడ్డం మీదికి జారాక, కుడివైపు తాకినప్పుడు, "అబ్బా!" అంది.

నేనూ ఆమే ఒకరినొకరం చూసుకున్నాం. చెంప ఎర్రగా కందింది. ఆమె అక్కడ వేలితో నొక్కి చూసుకుంది, గిచ్చి చూసుకుంది. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఆశా అమ్మాయి ప్రతి ఏడూ అడిగే ప్రశ్న మా ఊళ్ళో ఎవరికి తెలియదు? మొద్దుబారిన మచ్చలున్నాయా, కాలినా తెలియని చోటుందా అని.

"పెద్దరోగం," అంది అత్తమ్మ, కుష్టు అనే పేరు నోట రానీయకుండా, గొంతు ఎత్తకుండా.

"డాక్టరు చెప్పేదాకా మనం పేరు పెట్టొద్దు అత్తమ్మా."

ఆమె వినలేదు. ఆ పూట తన కంచం, గ్లాసు తీసుకుని వరండా చివర, చెప్పులు విడిచే చోటుకు ఇవతల కూర్చుంది. మా ఇంట్లో రాత్రి అన్నం నలుగురం కలిసి తింటాం. షిఫ్టుల ఇంట్లో కలిసి తినడమంటే ఎవరో ఒకరు ఆకలిని ఆపుకోవడం. మామయ్య ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆ ఆకలిని ఆపుకుంటూ వచ్చింది ఆమే. ఇప్పుడు ఆమే బయట కూర్చుంది.

మా ఆయన కిషోర్ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చి చూసి, "ఇదేంది అమ్మా, గక్కడ కూసున్నవ్?" అన్నాడు.

"గాలి మంచిగున్నది," అంది.

మర్నాడే శ్యామలక్క వచ్చింది. చెడ్డ మనిషి కాదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. అవి రెండూ చూశాక ఆమె ఏం చెప్పబోతుందో తెలిసింది.

"అనంతమ్మక్కా, నీకు ఒంట్ల బాగలేదాయె. ఈ ఏడు నువ్ ఇంట్లనే వొలుచుకోరాదు? మీ మొక్కు మీదే, ఎవరు కాదంటరు. గుంపుల అంటే... తలొక మాట అంటరు."

"ఏమంటరు శ్యామలా?"

శ్యామలక్క నా వైపు చూసింది. "ఏమంటరక్కా... పోయినేడు ఏదో తప్పు జరిగుంటది, అందుకే సర్పి పుట్టిందని ఒకలు. ఇంకోటని ఒకలు."

"ఆ ఇంకోటే అయితే ఇంట్ల వొలిచినయి సుత తీసుకోరు గద?"

శ్యామలక్క కొంగు సర్దుకుని వాకిట్లోకి దిగింది. ఆమె వెళ్ళాక అత్తమ్మ చేట ముందు పెట్టుకుని, అదే వరండాలో, ఒక్కతే వొలవడానికి కూర్చుంది. రామనామం మాత్రం వీధిలోకి వినపడేంత గట్టిగా చెప్పింది.

ఆ సాయంత్రం కిషోర్‌తో చెప్పాను. "రేపు ఖమ్మం పోతున్నాం. నువ్వు రాకపోయినా సరే, నేను తీసుకుపోతా."

*

ఖమ్మంలో చర్మం డాక్టరమ్మ చిన్న మనిషి. తొందర లేని మనిషి. అత్తమ్మను కళ్ళు మూసుకోమని, దూది పురితో ముఖమంతా తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. కుడివైపు తాకితే, "ఆ... ఆ..." అంది అత్తమ్మ. ఎడమవైపు నుదురు, చెంప, ముక్కు తాకుతూ పోతుంటే నిశ్శబ్దంగా కూర్చుంది. కాసేపటికి కళ్ళు మూసుకునే, "ఆపినవా బిడ్డా?" అని అడిగింది. దూది అప్పుడు పుండు అంచు మీదే ఉంది.

చెవి నుంచి, పుండు నుంచి నమూనాలు తీశారు. ఫలితాలకు మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు కాగితాలన్నీ చూసి డాక్టరమ్మ ముందుగా చెప్పాల్సింది ముందే చెప్పింది. "పెద్దరోగం కాదమ్మా. క్యాన్సరూ కాదు."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఎంత బిగపట్టుకుందో ఆ భుజాలు జారినప్పుడు తెలిసింది.

"మరి ఏందమ్మా ఇది?"

"సర్పి మీ ముఖం నరాన్ని పాడుచేసి పోయింది. అక్కడ స్పర్శ చచ్చిపోయింది. కానీ నరం ఊరుకోదు. చీమలు పాకుతున్నట్టు, ఏదో అంటుకున్నట్టు తప్పుడు కబుర్లు పంపిస్తుంది. మీ చెయ్యి ఆ చీమను తీసేయాలని వెళ్తుంది. గిల్లుతుంది, గీరుతుంది. నొప్పి తెలియదు కనక ఆగదు. ఈ పుండు రోగం తిన్నది కాదు, గోరు తిన్నది."

చీమలు ఉన్నాయా లేవా అనే మా గొడవలో ఇద్దరం గెలిచాం, ఇద్దరం ఓడాం.

కానీ అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "నేను గిల్లుత లేను."

"మీకు తెలియకుండానే అమ్మా."

"నా చెయ్యి నాకు తెల్వకుంట ఎట్ల పోతది? చంటిపిల్లనా? రాముని మీద ఒట్టు, నేను పుండు ముట్టలే."

డాక్టరమ్మ ఆమె చేతుల వంక చూసింది. "ముందు ఈ గోళ్ళు తీసేయాలి. లేకపోతే ఏ మందూ పనిచేయదు. ముక్కు రెక్క పూర్తిగా పోతుంది. తరవాత ఆ చెయ్యి కంటి దగ్గరికి పోతుంది. ఆ కన్నుకు కూడా స్పర్శ తక్కువుంది, గీరుకున్నా తెలియదు."

అత్తమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

కంటి చుక్కలు, నరానికి మాత్రలు, పుండు మీద అంటించే మెత్తటి పట్టీలు ఇచ్చారు. బస్సు కొత్తగూడెం దాటి అడవిలోకి వచ్చేదాకా ఆమె చేతులు కొంగులోనే ఉంచుకుంది. ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉన్నాయి. కిటికీలోంచి ఆ వాసన వచ్చింది.

"నీకు సుత నేను అబద్ధమాడుతున్ననని ఉన్నదా?" అంది హఠాత్తుగా.

"లేదు అత్తమ్మా. కానీ డాక్టరమ్మ కూడా అబద్ధం చెప్పట్లేదు."

"ఇద్దరం నిజమెట్లయితం?"

"అదే ఆలోచిస్తున్నా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నా వైపున్న ఆమె చెయ్యి ఒడిలో కాసేపు ఊరికే ఉంది. తరవాత, ఎవరో పిలిచినట్టు, నెమ్మదిగా లేచింది. బొటనవేలు పట్టీ అంచు దగ్గరికి వెళ్ళింది.

"అత్తమ్మా, చెయ్యి."

ఆమె ఉలిక్కిపడి చెయ్యి చూసుకుంది. "ముక్కుపుడక లేకపాయె. ఆడికే పోతది," అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ సమయంలో ఆమెకు అది నిజమే.

*

ఇంట్లో విషయం విన్న కిషోర్ సంతోషంతో ఎగిరి గంతేసినంత పని చేశాడు. "పెద్దరోగం గాదంటె ఇంకేంది! లోపలికి రా అమ్మా. కానీ గోక్కోకు. జర చేతులు అదుపుల పెట్టుకుంటే అయిపాయె."

ఆ చివరి మాటే వద్దని నేను కళ్ళతో చెప్పేలోపు అనేశాడు.

అత్తమ్మ కంచం తీసుకుని మళ్ళీ వరండాలోకే నడిచింది. "పెద్దరోగం లేదన్నరు, సరే. ఒట్టు పెట్టి అబద్ధమాడేదాన్నన్నరు గద. ఆ మాట పట్టుకొని లోపలికెట్ల రావాలె?"

"ఎవలన్నరే అట్ల?" అన్నాడు మామయ్య.

"అందరన్నరు. నువ్ సుత అన్నవ్. నోటితోని అనలే."

ఇక నేను మాటలతో లాభం లేదనుకున్నాను. పూటపూటకూ పట్టీ మార్చాను. పొద్దున లేచేసరికి పట్టీ మంచం కింద ఉండేది. కిషోర్ డ్యూటీ సాక్సులు ఉతికి, పడుకునే ముందు ఆమె చేతులకు తొడిగాను. "డంపర్ నడుపనీకి పోతున్ననా?" అంది గానీ తొడగనిచ్చింది. పొద్దున్న చూస్తే ఒక సాక్సు కాళ్ళ దగ్గర, ఒకటి నేల మీద. "ఎవలు తీసిన్రు?" అని ఆమే ఆశ్చర్యపోయి అడిగేది. పగలు చెయ్యి లేచినప్పుడల్లా, "అత్తమ్మా, చెయ్యి," అనేదాన్ని. పదిసార్లు ఊరుకుని పదకొండోసారి తిట్టేది. "నా చేతి మీద పోలీసును పెట్టిన్రా?" నేను పొయ్యి దగ్గరున్నా, బట్టలు ఆరేస్తున్నా, కన్ను ఆ చేతి మీదే ఉండేది. ఒక్కటి మాత్రం కనిపెట్టాను. వడ్లగింజ వేళ్ళ మధ్య ఉన్నంతసేపూ చెయ్యి ముఖం మీదికి పోదు. గింజకూ గింజకూ మధ్య, ఆ కాస్త ఖాళీలోనే పోతుంది.

గోళ్ళ మాట ఎత్తితే మాత్రం ఒకే జవాబు. "నవమి పోనీ."

నవమి పోయేదాకా ఆ ముక్కు ఉంటుందా అన్నది నాకు నిద్ర పట్టనివ్వలేదు. పట్టీ తీసిన ప్రతిసారీ రెక్క అంచు ఇంకాస్త లోపలికి పోయినట్టే కనపడేది.

ఉగాది దగ్గరికి వచ్చేసరికి పట్టీలు అయిపోయాయి. మణుగూరు దుకాణాల్లో దొరకలేదు. కిషోర్ ఖమ్మం నుంచి తెప్పించే లోపు పుండును ఒట్టిగా వదలొద్దని ఆర్‌ఎంపీ నీలిమందు ఇచ్చాడు. ఆ రోజు స్నానం కాగానే, పుల్లకు దూది చుట్టి పుండు మీద అద్దాను. ఆమె శుభ్రమైన చీర కట్టుకుని, చేతులు కడుక్కుని, చేట ముందు కూర్చుంది. నేను లోపల చింతచిగురు ఏరుతున్నాను.

"అరుణా!"

ఆ గొంతుకు చిగురు పళ్ళెం వదిలేసి వెళ్ళాను.

"ఏం చేసినవ్ నా బియ్యాన్ని?"

ఆమె ముందున్న ఇత్తడి పళ్ళెంలో వొలిచిన బియ్యం తెల్లగా, కొన విరగకుండా ఉన్నాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, కొనల దగ్గర నీలం.

"దేవుని తలంబ్రాల మీద నీలిమందు చేతులు పెడతవా? ఇంత సదువుకున్నవ్, గంత తెల్వదా?"

"నేను పళ్ళెం దగ్గరికే రాలేదు అత్తమ్మా."

"మరి బియ్యానికి నీలం యాడికెల్లి వచ్చె?"

నా రెండు చేతులూ చాపాను. అరచేతులు, వేళ్ళు, గోళ్ళు. చింతచిగురు పసరు తప్ప ఏమీ లేదు. ఆమె నా చేతులు తిప్పి తిప్పి చూసింది. చూసిన తరవాత, అదే వరసలో, తన చేతులు చూసుకుంది.

కుడి బొటనగోటి కింద, పసుపు పచ్చటి అంచుకు లోపల, నీలం నిండి ఉంది.

గనిలో బ్లాస్టింగ్ జరిగే వేళ. దూరంగా సైరన్ మోగింది. కాసేపటికి నేల సన్నగా అదిరి, వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి తాకాయి. ఆమె ఆ గోరు వంక చూస్తూనే ఉంది.

ఆమె పళ్ళెంలోంచి ఒక నీలం గింజ తీసింది. తరవాత ఇంకొకటి. తరవాత తియ్యడం ఆపేసి, పక్కనున్న గుడ్డ సంచి వైపు చూసింది. శివరాత్రి నుంచీ వొలిచినవన్నీ అందులో ఉన్నాయి. వాటి మీద నీలం లేదు. నీలిమందు రాసింది ఇవాళే.

"నిన్నటియి?" అంది.

అడిగింది నన్ను కాదు.

పళ్ళెం మీద చేట బోర్లించి, ఆమె పెరట్లోకి వెళ్ళి చాలాసేపు తులసికోట పక్కన రాయి మీద కూర్చుంది. చెయ్యి రెండుసార్లు లేవడం కిటికీలోంచి చూశాను. రెండోసారి ఆమె కూడా చూసింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒడిలోకి లాగింది.

*

ఆ సాయంత్రం కిషోర్ మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి పడుకుని లేచాడు. చీకటి పడుతుండగా చింతచిగురు పప్పు, అన్నం, మజ్జిగ మధ్యలో పెట్టాను. మూడు కంచాలు వేశాను. నాలుగోది వరండాకు తీసుకుపోదామని చేతిలో పట్టుకున్నాను.

అత్తమ్మ లోపలికి వచ్చింది. నా చేతిలోంచి కంచం తీసుకుని, మామయ్యకూ కిషోర్‌కూ మధ్య, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. కిషోర్ నోరు తెరవబోతే నేను పప్పు గరిటె అతని కంచంలో గట్టిగా కొట్టాను.

ఆమె అన్నంలో పప్పు కలిపింది. ఒక ముద్ద తిన్నది. తరవాత చెప్పింది.

"ఇనుండ్రి. తిన్నంక అరుణ నా గోళ్ళు తీస్తది."

"మంచిదమ్మా, నేను మొన్ననే—" అన్నాడు కిషోర్.

"నువ్ ఆగు. నువ్ చెప్పినవని గాదు." ఇంకో ముద్ద కలిపింది. "నేను వొలిచిన బియ్యం భద్రాచలం పోవు. పెరడు దాటినంక పుట్ట కాడ చీమలకు పోస్త. ఇంట్ల లేకున్నా ఆడ ఉన్నయ్ గద."

ఆమె నా వైపు చూసింది. నేను మజ్జిగ వైపు చూశాను.

"మరి మొక్కు?" అన్నాడు మామయ్య. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"మొక్కు ఎవల పానానికి మొక్కిన? నీ పానానికే గద. మిగిలిన వడ్లు నువ్ వొలుస్తవ్."

మామయ్యకు పొలమారింది. నీళ్ళు తాగి, తన రెండు చేతులూ దీపం వెలుతురులో చూసుకున్నాడు. బండల్లాంటి వేళ్ళు, వాటి చివర మందంగా, నల్లగా పగిలిన గోళ్ళు. "వీటితోనా? వీటిల్ల ఇంక బొగ్గున్నదే."

"తానం చేసి, సబ్బు పెట్టి తోముకొని కూసో. కొన ఇరిగితే ఊకోను. పక్కన కూసోని చూస్త."

"మొగోళ్ళు వొలుస్తరా నాయినా?" అన్నాడు కిషోర్ నవ్వాపుకుంటూ.

"రెండో సంచి నీకిమ్మంటవా?" అంది అత్తమ్మ. కిషోర్ నవ్వు ఆగిపోయింది.

"శ్యామలక్క ఒప్పుకుంటుందా?" అన్నాను.

"రేపు పొద్దుగాల నేనే పోత. గుంపందరు ఉన్నప్పుడే చెప్త. పెద్దరోగం గాదు, పాపం గాదు, నా చెయ్యే నా ముక్కును తింటున్నదని. అబద్ధపు ఒట్టు పెట్టలే, తెల్వక పెట్టిన. ఆ సంగతి రామునికి నేను చెప్పుకుంట, మీరెవలు నడుమ రావొద్దు." ఆమె చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. "మీరు చేసేది ఒక్కటే. నా చెయ్యి పైకి లేస్తె చెప్పుండ్రి. నేను తిడత. అయినా చెప్పుండ్రి. ముక్కు మిగిలేదాక చెప్పుండ్రి."

అందరం తిన్నాం. మామయ్య మధ్య మధ్య తన బొటనగోరు వంక చూసుకుంటున్నాడు.

అంతలో ఆమె ఎడమచెయ్యి, అన్నంతో పనిలేని చెయ్యి, ఒడిలోంచి మెల్లగా లేచింది. ఛాతీ దాటి, గడ్డం దాటింది. నేను చూశాను, కిషోర్ చూశాడు. ఇద్దరం నోరు తెరిచేలోపే మామయ్య అన్నాడు, చాలా నెమ్మదిగా.

"అనంతా, చెయ్యి."

ఆమె ఆగి ఆ చేతిని చూసుకుంది. తిట్టలేదు. దాన్ని కిందికి దించి తొడ కింద పెట్టుకుంది.

"ఇంకింత పప్పెయ్యి అరుణా," అంది.